ఐదు నిమిషాల పనికి పదహారు రోజులు పట్టింది. బెంగళూరులో మీరు టైం ఎలా సర్దుకుంటున్నారు?

పెన్నాతీరం – అక్టోబర్ 6, 2025, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ప్రొద్దుటూరు నుంచి బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది. హూడిలో ఉంటాం. ఆఫీసు కాడుబీసనహళ్లి దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు మీద. వారంలో మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి, రెండు రోజులు ఇంటి నుంచే. టీం లీడ్‌ని, నా కింద ఏడుగురు ఉన్నారు. మా ఆవిడది కూడా ఉద్యోగమే, పూర్తిగా ఇంటి నుంచి. పాపకు ఆరేళ్లు.

దసరాకు ఊరికి వెళ్లాం. మా నాన్నకు బీపీ, షుగర్ మందులు నేనే ఇక్కడి నుంచి ఆన్‌లైన్‌లో పంపిస్తాను. ఈసారి బీపీ మాత్రలు సెప్టెంబర్ ఆఖరుకు అయిపోతాయని నాకు తెలుసు. ఫోన్‌లో రిమైండర్ కూడా పెట్టుకున్నాను. అది మోగినప్పుడల్లా మీటింగ్‌లోనో, స్టీరింగ్ ముందో ఉండేవాణ్ని. రాత్రికి చూద్దాం అని తోసేసేవాణ్ని. అలా పదహారు రోజులు తోశాను. ఇంటికెళ్లి చూస్తే డబ్బా ఖాళీ. ఐదు రోజులుగా వేసుకోలేదట. అడిగితే ‘నువ్వు పనిలో ఉంటావు గదా నాయనా, ఎందుకులే చెప్పేది అనుకున్యా’ అన్నాడు. షుగర్ మాత్రలు ఇంకో నెలకు ఉన్నాయి, అదొక్కటే నయం.

ఆ ఆర్డర్ పెట్టడానికి పట్టేది ఐదు నిమిషాలు. ఆ పదహారు రోజుల్లో నేను ఖాళీగా కూర్చున్న రోజు ఒక్కటీ లేదు. మరి ఏం చేశావు అంటే చెప్పలేను. పొద్దున ఏడింటికి లేచి రాత్రి పన్నెండు దాటాక పడుకుంటాను, మధ్యలో ఊపిరి సలపదు. తిరుగు ప్రయాణంలో బస్సులో నాకు నిద్ర పట్టలేదు.

యాప్‌లు నాలుగైదు వాడి వదిలేశాను. దయచేసి యాప్‌ల పేర్లు కాకుండా, మీరు నిజంగా రోజూ చేస్తున్నదేంటో చెప్పండి.

మైక్‌మ్యూట్ – అక్టోబర్ 7, ఉదయం 8:10

బ్రో, చదివి బాధేసింది. నాదీ మేనేజర్ ఉద్యోగమే, బెళ్లందూరులో. నేను చేసేది చెప్తాను.

ఐసెన్‌హోవర్ అమెరికా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1954లో ఒక ప్రసంగంలో ఒక కాలేజీ మాజీ ప్రెసిడెంట్ చెప్పిన మాటను గుర్తుచేశాడు. అర్జెంటైన పనులు వేరు, ముఖ్యమైన పనులు వేరు, ఈ రెండూ ఒకటి కావు అని. మీ నాన్నగారి మందులు ముఖ్యమైన పని. కానీ అయిపోయే రోజు వరకు అర్జెంట్ కాదు. మీ ఫోన్‌లో మోగే మెసేజ్ అర్జెంట్, అందులో సగం ముఖ్యం కాదు. మోగేది ఎప్పుడూ గెలుస్తుంది.

అందుకే పొద్దున 9:30 నుంచి 11:30 వరకు నా క్యాలెండర్‌లో నేనే బ్లాక్ పెట్టుకున్నాను. ఆ టైంలో మీటింగ్ పెట్టాలంటే నన్ను అడిగి పెట్టాలి. మొదటి నెల అందరూ విసుక్కున్నారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆ రెండు గంటల్లో మొదటి పావుగంట ఇంటి పనులకే. కరెంటు బిల్లు, స్కూల్ ఫీజు, అమ్మకు ఫోన్. ముందు అవి, ఆ తర్వాతే కంపెనీ పని.

పద్దుల_పెద్దాయన – అక్టోబర్ 7, ఉదయం 10:35

బాబూ, నేను ముప్పై ఆరేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. జయనగర్‌లో ఉంటున్నాను. నీకు ఎవరు ఏ పద్ధతి చెప్పినా ఒక వారం పాటు ఏదీ మొదలుపెట్టవద్దు. ముందు పద్దు రాయి.

కంప్యూటర్లు రాక ముందు మా బ్రాంచిలో సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే ఎవరూ ఇంటికి వెళ్లేవాళ్లు కాదు. పది రూపాయలు తేడా వచ్చినా రాత్రి తొమ్మిదింటి వరకు వెతికేవాళ్లం. ‘ఎక్కడో పోయి ఉంటుందిలే’ అనే మాట అక్కడ చెల్లదు. నీ పదహారు రోజులు ఎక్కడికి పోయాయో చెప్పలేనన్నావు చూడు, ఆ మాట నన్ను పట్టుకుంది.

చిన్న నోటు పుస్తకం ఒకటి కొను. పొద్దున లేచింది మొదలు అరగంటకో గీత. ఆ అరగంటలో ఏం చేశావో అప్పటికప్పుడే రాయి. రాత్రి కూర్చుని గుర్తుచేసుకుని రాస్తే అది పద్దు కాదు. అప్పటికి మనం చేసింది కాక, చేయాలనుకున్నది రాసేస్తాం. ‘ఆఫీసు పని’ అని రాయవద్దు. ఎవరితో మాట్లాడావు, ఏ ఫైలు చూశావు, అది రాయి. ఫోన్ చూస్తే ఫోన్ అని రాయి, సిగ్గుపడే పని లేదు. ఏడు రోజులు. వారానికి 168 గంటలు. అన్నీ టాలీ కావాలి.

మన పెద్దవాళ్లు పగలూ రాత్రీ కలిపి 60 ఘడియలుగా లెక్కపెట్టేవారు. ఘడియ అంటే 24 నిమిషాలు. దాన్ని మళ్లీ 60 విఘడియలు చేశారు. గడియారం లేని రోజుల్లో నీటి గిన్నెకు చిల్లు పెట్టి కొలిచేవారు. అంత శ్రద్ధ వాళ్లకుంది.

బీటీఎం_పావని – అక్టోబర్ 7, మధ్యాహ్నం 1:20

అంకుల్, ఘడియ 24 నిమిషాలని నాకు ఇప్పుడే తెలిసింది! నేను పాటించే పొమొడోరో కూడా 25 నిమిషాలే. ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల ఆఖర్లో, కాలేజీలో చదువు మీద దృష్టి నిలవక, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని మొదలుపెట్టాడు. పొమొడోరో అంటే వాళ్ల భాషలో టమాటా. 25 నిమిషాలు ఒకటే పని, తర్వాత 5 నిమిషాలు విరామం.

నేను పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్లో ఉంటాను, ఒకే రూంలో ముగ్గురం. ఉద్యోగం చేస్తూ రాత్రిపూట పరీక్షకు చదువుతున్నాను. 25 నిమిషాలూ ఫోన్‌ను బీరువాలో పెట్టి తాళంచెవి రూమ్మేట్‌కు ఇస్తాను. అది తప్ప నాకింకేదీ పనిచేయలేదు. కానీ ఆఫీసులో కోడ్ రాసేటప్పుడు ఈ పద్ధతి కుదరదు. అప్పుడే పట్టు దొరుకుతుంది, గంట మోగుతుంది. అక్కడ గంటన్నర ఏకబిగిన కూర్చుంటేనే పని అవుతోంది.

శీను_సిల్క్‌బోర్డ్ – అక్టోబర్ 7, సాయంత్రం 6:45

అన్నా, హూడి నుంచి కాడుబీసనహళ్లికి మీకు ఎంతసేపు పడుతోంది? ఎన్ని గంటలకు బయల్దేరతారు?

పెన్నాతీరం – అక్టోబర్ 7, రాత్రి 8:58

తొమ్మిది పది కిలోమీటర్లు ఉంటుంది. కారులో గంటా పది నిమిషాలు. వాన పడితే చెప్పలేం. 9 దాటాక బయల్దేరతాను.

సార్, ఈరోజే పుస్తకం కొన్నాను. రేపటి నుంచి రాస్తాను. 9:30కి కాలిఫోర్నియా వాళ్లతో కాల్ ఉంది, వారానికి రెండు, మంగళ, గురువారాలు. మళ్లీ వస్తాను.

శీను_సిల్క్‌బోర్డ్ – అక్టోబర్ 7, రాత్రి 10:15

9 దాటాక ఆ రోడ్డు ఎక్కితే అంతే అన్నా. మీరున్న చోటు మంచిదే, హూడిలో మెట్రో పర్పుల్ లైన్ స్టేషన్ ఉంది. కేఆర్ పురం వరకు మెట్రోలో వచ్చి, అక్కడి నుంచి రింగ్ రోడ్డు మీద 500డి బస్సు పట్టుకోవచ్చు. టైం మరీ తగ్గకపోవచ్చు, కానీ చేతులు ఖాళీ అవుతాయి. మందుల ఆర్డర్ బస్సులో పెట్టొచ్చు, స్టీరింగ్ ముందు పెట్టలేం. లేదా 7:30కల్లా కారు తీయండి. తేడా మీకే తెలుస్తుంది.

నా సంగతి చెప్తాను. ఇల్లు జేపీ నగర్, కంపెనీ బొమ్మసంద్ర. ఏడేళ్లు బైకు మీద, ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డ్ జంక్షన్ దాటాను. ఈ ఆగస్టులో మెట్రో ఎల్లో లైన్ మొదలైంది, ఆర్‌వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర, 19 కిలోమీటర్లు. కొత్తలో రైళ్లు మూడే ఉండేవి, 25 నిమిషాలకొకటి. ఒకటి తప్పిందంటే ప్లాట్‌ఫాం మీద 25 నిమిషాలు నిలబడాలి. అందుకని రైలు టైం చూసుకుని సీట్లోంచి లేవడం మొదలుపెట్టాను. బైకు ఉన్నప్పుడు ‘ఇదొక్కటి చూసి వెళ్దాం’ అని ఎనిమిదయ్యేది. ఇప్పుడు 6:10కి లేస్తాను. ‘రైలుంది సార్’ అంటే ఎవరూ ఏమీ అనడం లేదు. ‘ఇంటికెళ్లాలి సార్’ అంటే అనేవాళ్లు.

సిరిచందన – అక్టోబర్ 8, ఉదయం 5:50

అందరివీ చదివాను. మంచి మాటలే. కానీ ఇప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. పెన్నాతీరం గారూ, పొద్దున ఏడింటికి మీరు లేచేసరికి మీ పాపను లేపింది, టిఫిన్ చేసింది, డబ్బా కట్టింది ఎవరు? మిమ్మల్ని తప్పు పట్టడానికి అడగడం లేదు. మీరు రాయబోయే పుస్తకంలో ఆ గంటలు కనిపించవు, అందుకని అడుగుతున్నాను.

నేను మారతహళ్లిలో ఉంటాను, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. మా అపార్ట్‌మెంట్‌లో వారంలో రెండు రోజులు ట్యాంకర్ వస్తేనే నీళ్లు. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో, పనమ్మాయి ఎప్పుడు రాదో, స్కూల్ గ్రూపులో రేపటికి చార్ట్ పేపర్ అని ఎప్పుడు మెసేజ్ పడుతుందో, ఇవన్నీ నా తలలో తిరుగుతూనే ఉంటాయి. మీటింగ్‌లో ఉన్నా తిరుగుతాయి. ఇది ఏ క్యాలెండర్‌లోనూ బ్లాక్‌గా ఉండదు.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైం యూజ్ సర్వే ఉంది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. 2019లో అవి 299, 97 ఉండేవి. అంటే ఐదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయి, మగవాళ్లకూ తొమ్మిది తగ్గాయి.

పుస్తకాలు రెండు కొనండి. ఒకటి మీ ఆవిడకు ఇవ్వండి.

పద్దుల_పెద్దాయన – అక్టోబర్ 8, ఉదయం 9:05

అమ్మా సిరిచందనా, నువ్వు చెప్పింది నిజం. నేను ముప్పై ఆరేళ్లు క్యాష్ టాలీ చేసి వచ్చాను గాని, ఆ రాత్రుళ్లు పిల్లలకు అన్నం పెట్టి నా కోసం మేలుకుని కూర్చున్న మనిషి పద్దు ఎప్పుడూ రాయలేదు. రెండు పుస్తకాలు అనే నేను కూడా చెప్పాల్సింది.

కోలారు_క్యాబ్ – అక్టోబర్ 8, మధ్యాహ్నం 2:40

నమస్తే అన్నా, అక్కా. మాది కోలారు దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే. బెంగళూరులో సొంత క్యాబ్ నడుపుతాను. మీటింగ్ వద్దనే అవకాశం మాకు లేదు, బండి ఆగితే డబ్బు ఆగుతుంది. అందుకే మొన్నటిదాకా రోజుకు పదిహేను గంటలు నడిపేవాణ్ని. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి ఎయిర్‌పోర్ట్‌లో దించి వస్తూ దేవనహళ్లి రోడ్డు మీద ఒక్క క్షణం కన్ను మూతపడింది. బండి డివైడర్‌కు గీసుకుంది. వెనక సీట్లో ఎవరూ లేరు, అది దేవుడి దయ.

ఆ నెల ఇంటి దగ్గరే ఉన్నప్పుడు నా భార్య ఫోన్‌లోని ట్రిప్పులన్నీ గంటగంటకు విడదీసి రాసింది. పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా నేను సంపాదించేది చాలా తక్కువ, ఎండలో ఖాళీగా తిరిగి తగలేసే ఇంధనమే ఎక్కువ అని అప్పుడు తెలిసింది. ఇప్పుడు తెల్లవారుజామున 4:30 నుంచి 10:30, సాయంత్రం 5 నుంచి 9:30. మధ్యలో ఇంటికి వెళ్లి తిని పడుకుంటాను. ఆదాయం కొంచెమే తగ్గింది. పెద్దాయన చెప్పినట్టు రాసి చూడండి అన్నా. రాయక ముందు, ఎక్కువ గంటలు తిరిగితే ఎక్కువ డబ్బు అనే నమ్మేవాణ్ని.

నైట్‌డ్యూటీ_లత – అక్టోబర్ 9, ఉదయం 9:15

రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే రూముకు వచ్చాను. స్టాఫ్ నర్సుని. ముందు ఒక మాట: నాన్నగారికి బీపీ చూపించారా? కొన్ని బీపీ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ప్రెషర్ ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంటుంది. మళ్లీ మొదలుపెట్టామని ఊరుకోకుండా అక్కడి డాక్టర్‌తో ఒకసారి చెక్ చేయించండి.

రెండోది. తేదీని బట్టి రిమైండర్ పెట్టకండి. మా వార్డులో ఏ మందైనా చివరి పెట్టె తెరిచామంటే ఆ నిమిషమే ఇండెంట్ (మళ్లీ కావాలని స్టోరుకు రాసే చీటీ) రాయాలి. అయిపోయాక రాయడం ఉండదు. నాన్నగారికి అదే చెప్పండి. చివరి స్ట్రిప్ తెరిచిన రోజు మీకు ఫోన్ చేయాలి. మీ పని మొత్తం ఆయన ఫోన్‌లో ఉన్నప్పుడే ఆర్డర్ పెట్టడం. ఆయన అడగడానికి మొహమాటపడుతున్నారు. ఇది అడగడం కాదు, ఆయన చేసే డ్యూటీ అని చెప్పండి, చేస్తారు. పెద్దవాళ్లకు డ్యూటీ ఇస్తే బాగా చేస్తారు.

మూడోది హ్యాండోవర్. మాకు 8 నుంచి 2, 2 నుంచి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8. ఎంత అలసిపోయినా హ్యాండోవర్ ఇవ్వకుండా దిగం. ఏ బెడ్డు పేషెంటుకు ఏం జరిగింది, ఏం మిగిలింది, ఏది గమనించాలి, అన్నీ రాసి చెప్పి వస్తాం. దానివల్ల పేషెంటుకు మేలు. నాకు కూడా మేలు, ఎందుకంటే వార్డు నా వెంట ఇంటికి రాదు. మీకు తర్వాతి షిఫ్టు మనిషి ఎవరూ లేరు కాబట్టి రేపటి మీకే హ్యాండోవర్ రాయండి. లాప్‌టాప్ మూసే ముందు ఐదు లైన్లు చాలు.

నిద్ర తగ్గించుకుని టైం మిగుల్చుకోవద్దు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటలు కావాలి. నైట్ డ్యూటీల్లో అది పోగొట్టుకుని చూసినదాన్ని. నాలుగో రాత్రికి డోసు లెక్క రెండుసార్లు సరిచూసుకోవాల్సి వస్తుంది.

మైక్‌మ్యూట్ – అక్టోబర్ 9, మధ్యాహ్నం 12:30

లత గారూ, మీ హ్యాండోవర్ మాటకు ఒక పరిశోధన తోడుంది. సోఫీ లెరోయ్ అనే ఆవిడ 2009లో ప్రచురించారు. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి మారితే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని, దాంతో కొత్త పని కూడా దెబ్బతింటుందని తేల్చారు. మా టీంలో ఈరోజే మొదలుపెడతాను, మీ ఐదు లైన్ల హ్యాండోవర్.

మోడరేటర్ – అక్టోబర్ 9, సాయంత్రం 4:00

టైం మేనేజ్‌మెంట్ కోర్సులు అమ్మే పోస్టులు రెండు తీసేశాం. చర్చ కొనసాగించండి.

పెన్నాతీరం – అక్టోబర్ 15, రాత్రి 10:40

ఏడు రోజులూ రాశాం, ఇద్దరం. సిరిచందన గారూ, మీ మాట విని రెండో పుస్తకం కొన్నాను. నాన్నకు చెక్ చేయించాం, పైన 150 చూపించింది, డాక్టర్ రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. చివరి స్ట్రిప్ సంగతి చెప్తే వెంటనే ఒప్పుకున్నాడు.

ముందు నాది, పెద్ద లెక్కలు మాత్రమే. నిద్ర 41 గంటలు, అంటే రోజుకు ఆరు కూడా లేదు. మీటింగ్‌లు 19న్నర. వాటిలో ఎనిమిది గంటల పాటు నేను నోరు విప్పలేదు, విప్పే అవసరం కూడా లేదు. నా సొంత పని 11 గంటలు. మెసేజ్‌లకు జవాబులు 9న్నర. ప్రయాణం 7. పాపతో కూర్చున్నది 5. ఇంటిపని 4న్నర. ఫోన్ 10 గంటలు.

ఆ ఫోన్ దగ్గర ఆగిపోయాను. దాదాపు మొత్తం రాత్రి పదిన్నర తర్వాతే. కాల్ అయిపోతుంది, అందరూ పడుకుంటారు, నేను హాల్లో కూర్చుంటాను. చూసేది ఏమీ గుర్తుండదు. రోజంతా వేరేవాళ్ల కోసం పోయింది, ఈ గంటన్నరైనా నాది అనిపిస్తుంది. దాన్ని నిద్రకు ఇవ్వబుద్ధి కాదు. ఇది రాసుకునే వరకు నాకే తెలియదు.

ఇక మా ఆవిడ పుస్తకం. ఉద్యోగం 44 గంటలు, ఇంటిపని 26. ఈరోజు సాయంత్రం పాపను కింద పార్కులో వదిలి ఇద్దరం రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నాం. తన దాంట్లో నాకు తెలియని లైన్లు చాలా ఉన్నాయి. పాప స్కూల్ ఫారం. మా అత్తగారి కంటి ఆపరేషన్ తేదీ. గ్యాస్ బుకింగ్. మా అమ్మకు ఫోన్, వారంలో నాలుగుసార్లు. నేను ఆ వారం మా అమ్మతో మాట్లాడింది ఒక్కసారి. ఒక రోజు మధ్యాహ్నం దగ్గర ‘ఏం మర్చిపోయానో గుర్తు రావడం లేదు’ అని రాసుంది. పది నిమిషాలు నేనేమీ మాట్లాడలేకపోయాను.

సిరిచందన – అక్టోబర్ 16, ఉదయం 5:45

చదివి కళ్లు చెమర్చాయి. మీ ఆవిడకు నా నమస్కారం చెప్పండి.

ఇప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటి చేయవద్దు. ‘ఏం చేయమంటావో చెప్పు, సాయం చేస్తా’ అనకండి. చెప్పాల్సిన పని మళ్లీ తనదే అవుతుంది. ఏదో ఒకటి పూర్తిగా మీరు తీసుకోండి. గుర్తుపెట్టుకోవడం, కొనడం, చేయడం, తేడా వస్తే సరిదిద్దడం, అన్నీ మీవే. మా ఇంట్లో పిల్లల నాన్న స్కూల్ సంగతి మొత్తం తీసుకున్నారు. మొదటి నెల చార్ట్ పేపర్ రెండుసార్లు మర్చిపోయారు. నేను గుర్తుచేయలేదు. అది నాకు చాలా కష్టమైంది, అయినా ఊరుకున్నాను. మూడో నెల నుంచి స్కూల్ గ్రూప్ నేను చూడటమే మానేశాను.

పద్దుల_పెద్దాయన – అక్టోబర్ 16, ఉదయం 10:20

బాబూ, నోరు విప్పని ఎనిమిది గంటలే నీ దగ్గరున్న నగదు. వాటిని ముందు విడిపించు. నిద్రలోంచీ పాప దగ్గర్నుంచీ తీయవద్దు.

పెన్నాతీరం – అక్టోబర్ 16, రాత్రి 9:20

సార్, అక్కడే భయం. లీడ్‌ని అయ్యుండి మీటింగ్‌కు రాను అంటే, పని మీద శ్రద్ధ లేదనుకుంటారు. అప్రైజల్ (పనితీరు మదింపు) జనవరిలో.

మైక్‌మ్యూట్ – అక్టోబర్ 16, రాత్రి 11:05

బ్రో, మేనేజర్ వైపు నుంచి చెప్తాను. రాను అనకండి. పుస్తకంలోని లెక్క చూపించండి. ‘ఈ నాలుగు మీటింగ్‌లలో నా అవసరం పడలేదు. వీటికి మా టీం నుంచి ఒకరు వెళ్తారు, నోట్స్ నేను చదువుతాను. మిగిలిన టైంలో ఫలానా డిజైన్ పూర్తి చేసి ఫలానా తారీఖుకు ఇస్తాను’ అని రాసి పంపండి. ఒక నెల ప్రయత్నిద్దాం అనండి. నెల అంటే ఎవరైనా సరే అంటారు. నా దగ్గరికి ఇలా లెక్కతో వచ్చినవాళ్లను నేను ఎప్పుడూ తప్పుగా అనుకోలేదు. మీరు పెట్టే మీటింగ్‌లు కూడా గంట నుంచి 25 నిమిషాలకు తగ్గించండి. ఇచ్చిన టైం ఎంతుంటే పని అంతవరకూ సాగుతుందని పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1955లోనే ఎకనామిస్ట్ పత్రికలో రాశాడు, మీటింగ్‌ల విషయంలో అది రోజూ చూస్తున్నాం.

ఇంకోటి, చాలా ముఖ్యం. మీ కాలిఫోర్నియా కాల్ వాళ్లకు ఉదయం 9, మనకు రాత్రి 9:30. నవంబర్ 2న అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. ఎవరూ మాట్లాడకపోతే ఆ వారం నుంచి మార్చి రెండో ఆదివారం వరకు మీ కాల్ రాత్రి 10:30 అవుతుంది. ఇప్పుడే అడగండి. చలికాలంలో వాళ్లకు ఉదయం 8కి పెట్టుకుంటే మీకు 9:30 అలాగే ఉంటుంది. రెండు కాల్స్‌లో ఒకటి రాతపూర్వక అప్‌డేట్‌గా మార్చమని కూడా అడగండి. అక్కడివాళ్లలో చాలామందికి మనకు ఇక్కడ ఎంత రాత్రవుతుందో నిజంగా తట్టదు. చెప్తే వింటారు.

బీటీఎం_పావని – అక్టోబర్ 17, ఉదయం 7:30

నాకు మీటింగ్ తగ్గించమని అడిగే హోదా లేదు, చేరి తొమ్మిది నెలలే. కొత్తవాళ్లం ఏం చేయాలి? ఎవరు ఏది చెప్పినా సరే అంటున్నాను, రాత్రి తొమ్మిదికి పీజీకి వచ్చేసరికి మెస్‌లో కూర కూడా ఉండదు.

నైట్‌డ్యూటీ_లత – అక్టోబర్ 17, ఉదయం 9:40

పావనీ, నువ్వు కాదనక్కర్లేదమ్మా. ‘నా చేతిలో ఈ రెండున్నాయి, వీటిలో దేన్ని ఆపి మీది ముందు చేయమంటారు?’ అని అడుగు. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు మా ఇన్‌ఛార్జ్ సిస్టర్ నేర్పిన మాట ఇది. ఇద్దరు డాక్టర్లు ఒకేసారి పిలిస్తే ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో వాళ్లనే తేల్చుకోమనేది. ముందు వేళకు అన్నం తిను. మెస్ వాళ్లతో మాట్లాడి నీ ప్లేటు పక్కన పెట్టించుకో, చెప్తే పెడతారు.

పెన్నాతీరం – నవంబర్ 5, ఉదయం 6:15

దీపావళి, ఆ తర్వాత ఆఫీసులో రిలీజ్ పని, రాయడం ఆలస్యమైంది. అందరికీ జవాబు బాకీ ఉన్నాను.

మేనేజర్‌కు లెక్క పంపాను. నాలుగింటిలో మూడు మీటింగ్‌లకు ఒప్పుకున్నారు. వాటికి టీంలో ఒక అమ్మాయి వెళ్తోంది. తనకు ఆ అవకాశం రావడం సంతోషంగా ఉందంది, ఇది నేను ఊహించలేదు. గురువారం కాల్ ఇప్పుడు రాతలోకి మారింది. మంగళవారం కాల్ వాళ్లు ఉదయం 8కి జరిపారు, నిన్న రాత్రి 9:30కే మొదలై 9:55కి అయిపోయింది.

కారు వారంలో ఒక రోజే. మిగతా రెండు రోజులు మెట్రో, బస్సు. శీనూ, నువ్వన్నట్టే టైం పెద్దగా తగ్గలేదు, కానీ పొద్దున అమ్మకు ఫోన్ ఆ బస్సులోనే.

ఇంట్లో పాప ఉదయం పనులు మొత్తం, సరుకులు మొత్తం నేను తీసుకున్నాను. ఆరింటికి లేస్తున్నాను. మొదటి వారం ఒకరోజు స్నాక్స్ డబ్బా మర్చిపోయాను, స్కూల్ గేటు దాకా పరిగెత్తాను. మా ఆవిడ గుర్తుచేయలేదు, సిరిచందన గారు చెప్పినట్టే. రాత్రి ఫోన్ ఇంకా పూర్తిగా తగ్గలేదు. గంటన్నర నుంచి అరగంటకు వచ్చింది. మిగిలిన గంటలో కొన్ని రోజులు ఇద్దరం బాల్కనీలో కూర్చుంటున్నాం, కొన్ని రోజులు పడుకుంటున్నాం.

నిన్న సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. ‘షుగర్ మాత్రలు ఆఖరి స్ట్రిప్ తెరిచినా, నా డ్యూటీ నేను చేసినా’ అన్నాడు. ఆయన లైన్లో ఉండగానే ఆర్డర్ పెట్టాను. శుక్రవారానికి చేరుతాయి.

పాప లేచింది. దోసెలు పొయ్యాలి, మళ్లీ వస్తాను.